పీడీఎఫ్ ఉందాండీ?

మంచి తెలుగు పుస్తకం గురించి నలుగురు మాట్లాడుకుంటుంటే అయిదో మనిషి నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. వాట్సాప్‌లో అయితే ముఖచిత్రం పెట్టిన కాసేపటికే వస్తుంది: "మాస్టారూ, పీడీఎఫ్ ఉందాండీ? ఉంటే కాస్త పంపగలరు." దానికి రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. రెండొందలు పెట్టి కొనలేరా, ఇది దొంగతనం కాదా అని ఒకరు మండిపడతారు. చదువు పంచుకుంటే తప్పేమిటి, సరస్వతికి తాళం వేస్తారా అని ఇంకొకరు ఎదురు తిరుగుతారు. ఇద్దరూ మనసులో ఉన్నదే చెబుతారు, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఆ వాదన సాగినంతసేపూ అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఎవరి నోటా రాదు. ఏ పుస్తకం పీడీఎఫ్?

నా మటుకు నాకు మొత్తం తగువంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే తేలాలనిపిస్తుంది.

జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి కొత్తగా వచ్చిన కథల సంపుటి అనుకోండి. తెలుగులో ఇవాళ కథల పుస్తకమంటే అయిదువందల ప్రతులు, మహా అయితే వెయ్యి. చాలాసార్లు అచ్చు ఖర్చు రచయితదే. డీటీపీకి, బొమ్మకి, కాగితానికి, ప్రెస్సుకి తన జీతంలోంచో పెన్షన్‌లోంచో తీసి పెట్టుకుంటారు. అమ్మిపెట్టినవాళ్ల కమిషను పోగా చేతికొచ్చేది ఎప్పుడొస్తుందో తెలియదు, మిగిలిన కట్టలు అటక ఎక్కుతాయి. అలాంటి పుస్తకాన్ని ఎవరో ఫోన్ కెమెరాతో పేజీ పేజీ తీసి, ఒక యాప్‌లో కుట్టి, వందమందికి పంపితే అది జ్ఞానదానం కాదు. ఆ వందమందిలో ఇరవైమంది కొని ఉంటే ఆ రచయిత రెండో పుస్తకం వేసుకునే ధైర్యం చేసేవారు. బతికున్న మనిషి చెమటకి వెల కట్టడానికి వెనకాడే చదువు చదువేనా? ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఎవరడిగినా పంపను, పంపొద్దంటాను, ఎక్కడ దొరుకుతుందో చెబుతాను.

అదే ప్రశ్న 1930ల్లో రాజమండ్రిలోనో తెనాలిలోనో అచ్చయిన నవల గురించి వచ్చిందనుకోండి. వేసిన ప్రెస్సు లేదు. ప్రచురించిన గ్రంథమాల మూతపడి రెండు తరాలైంది. రచయిత పోయారు, వారి పిల్లలు పోయారు, మనవలు హైదరాబాద్‌లో ఉన్నారో డాలస్‌లో ఉన్నారో, తాతగారు నవల రాసినట్టు వాళ్లకైనా తెలుసో లేదో. మిగిలిన ప్రతి ఒకటి వేటపాలెం సారస్వత నికేతనంలో ఉండొచ్చు, ఇంకొకటి హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో ఉండొచ్చు. పేజీ తిప్పితే అంచు విరిగి ఒళ్లో పడుతుంది. ఇప్పుడు "కొనుక్కోండి" అంటే ఎవరి దగ్గర కొనాలి? డబ్బు పట్టుకుని తిరిగినా తీసుకునే చెయ్యి లేదు. ఇక్కడ పీడీఎఫ్ ఎవరి జేబులోంచీ ఏమీ తీయడం లేదు. ఆ పుస్తకానికి మిగిలిన ఒకే ఒక్క ఊపిరి అది.

చట్టానికి మాత్రం ఈ రెండు పుస్తకాల మధ్య తేడా కనబడదు. రెంటికీ ఒకే లెక్క: రచయిత బతికున్నంత కాలం, ఆ పైన అరవై ఏళ్లు. లెక్క మొదలయ్యేది రచయిత చనిపోయిన ఏడాది తర్వాతి జనవరి ఒకటి నుంచి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు కాబట్టి వారు జీవితకాలంలో ప్రచురించిన కథలు 2022 జనవరి 1న అందరివీ అయ్యాయి. బుచ్చిబాబు 1967లో పోయారు, ‘చివరకు మిగిలేది’ కోసం 2028 దాకా ఆగాలి. విశ్వనాథ సత్యనారాయణ 1976, అంటే 2037. చలం 1979, అంటే 2040. శ్రీశ్రీ 1983, అంటే 2044. ఈ పెద్దల పుస్తకాలకి కొరత లేదు, అంగళ్లలో దొరుకుతాయి, వారసులున్నారు, ప్రచురించేవాళ్లున్నారు. వాటిని కొనుక్కోవడమే సబబు. నా బాధ వాళ్ల పక్కన కూర్చుని రాసిన వందలాది చిన్న రచయితల గురించి. చలానికి ఎన్నేళ్లో వాళ్లకీ అన్నేళ్లే. కాకపోతే చలం పుస్తకం అన్నేళ్లు బతుకుతుంది, వాళ్లది బతకదు. నాసిరకం కాగితం మీద అచ్చయిన పుస్తకం, చెదలూ వానచెమ్మా ఉన్న మన ఊళ్లలో, గడువు తీరేదాకా నిలిచి ఉంటుందన్న భరోసా లేదు.

ఈ అరవై అనే అంకె ఎలా వచ్చిందో తెలిస్తే ఇంకా బాధ కలుగుతుంది. 1710లో ఇంగ్లండులో రాణి ఆన్ కాలం నాటి చట్టం కొత్త పుస్తకానికి పద్నాలుగేళ్ల హక్కు ఇచ్చింది, రచయిత అప్పటికి బతికుంటే ఇంకో పద్నాలుగు. అక్కణ్ణుంచి పెరుగుతూ పెరుగుతూ మన 1957 చట్టం నాటికి రచయిత మరణానంతరం యాభై ఏళ్లయింది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941 ఆగస్టులో పోయారు. అంటే 1991 ముగియగానే ఆయన రచనలు అందరివీ కావాలి. ఆ హక్కులు ఆయన స్థాపించిన విశ్వభారతివి. గడువు దగ్గరపడుతుంటే ఆ సంస్థ కోసం గొంతులు లేచాయి, పార్లమెంటు 1992లో చట్టం సవరించి యాభైని అరవై చేసింది. ఠాగూర్ మీద గౌరవంతోనే చేశారు, కాదనను. కానీ ఒక మహాకవి కోసం తెరిచిన గొడుగు దేశంలో అన్ని భాషల్లో అందరు రచయితల మీదా పడింది. 1946లో పోయిన చిలకమర్తి వారి ‘గణపతి’ 1997లో అందరిదీ కావాల్సింది, 2007 దాకా ఆగింది. చిలకమర్తికి నష్టమేమీ లేదు, ఆయన పేరు నిలిచే ఉంది. ఆ పదేళ్లలో ఆయన సమకాలికుల పుస్తకాలు ఎన్ని పొడిపొడి అయిపోయాయో ఎవరు లెక్క పెట్టారు?

వారసులు దొరకని పుస్తకానికి చట్టంలో దారి అసలే లేదనలేం. కాపీరైట్ చట్టం 31ఏ సెక్షన్ ఉంది. రచయిత చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, హక్కుదారు ఆచూకీ దొరక్కపోయినా ఆ పుస్తకం వేసుకోవడానికి లైసెన్సు అడగొచ్చు. అడిగే ముందు ప్రతిపాదనని ఒక దినపత్రికలో ప్రకటించాలి. ఆ పత్రిక దేశంలోని అధికభాగంలో తిరిగే ఇంగ్లీషు దినపత్రిక అయి ఉండాలి. స్థానిక భాషా పత్రికలో కూడా వేయాలన్న షరతు అనువాదాలకి మాత్రమే. అంటే పాలకొల్లులో ఉన్న మనవరాలికి వాళ్ల తాతగారి తెలుగు నవల మళ్లీ వేస్తున్నామని తెలియజేయడానికి జాతీయ ఇంగ్లీషు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. దాని ఖర్చుతో నవలే అచ్చు వేయొచ్చు. పూర్వం ఈ దరఖాస్తులు వినడానికి కాపీరైట్ బోర్డు ఉండేది. దాని పని తర్వాత మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డుకి వెళ్లింది, 2021లో దాన్నీ రద్దు చేశారు. ఇప్పుడు కోర్టు గుమ్మం ఎక్కాలి. మూడొందల ప్రతులు వేసుకుందామనుకునే సాహిత్యాభిమాని వకీలుని పెట్టుకుని అంత దూరం వెళ్తాడా? వెళ్లడు. దొరికిన ప్రతిని స్కాన్ చేసి నెట్‌లో పెడతాడు. చట్టం దృష్టిలో అతనూ, నిన్నటి కథల పుస్తకాన్ని ఫోనులో పంచినవాడూ ఒకే గాటన పడతారు. ఇది అన్యాయం. ఈ మాట గట్టిగా అనడానికి నాకు సంకోచం లేదు.

చందమామ సంగతి ఇంకా మనసుకి తగులుతుంది. 1947 జులైలో మొదలైన పత్రిక. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టుబడీ పూనికా. తర్వాత కొడవటిగంటి కుటుంబరావు కలం. చిత్రా, శంకర్ బొమ్మలు. మూడు తరాల తెలుగు పిల్లలు చదవడం నేర్చుకున్న పుస్తకం అది. 2007లో ముంబయి సాఫ్ట్‌వేర్ సంస్థ ఒకటి కొనుక్కుంది, పాత సంచికల్ని వెబ్‌సైట్‌లో పెట్టినప్పుడు అందరం సంబరపడ్డాం. 2013లో పత్రిక ఆగిపోయింది. కొన్న సంస్థ దివాలా బాట పట్టింది, వెబ్‌సైటూ పోయింది. ఇవాళ 1950ల నాటి చందమామ ఎవరైనా చదవగలుగుతున్నారంటే పాత సంచికలు పోగుచేసి, కుట్లు విప్పి, స్కాన్ చేసి, మచ్చలు తుడిచి, నెలలవారీగా పేర్లు పెట్టి దాచిన అభిమానుల వల్లే. వాళ్లు పైసా ఆశించలేదు. హక్కులు కొనుక్కున్నవాళ్లు కాపాడలేని దాన్ని ఏ హక్కూ లేనివాళ్లు కాపాడారు. విక్రమార్కుడు భేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే ఆ బొమ్మ గీసిన శంకర్ గారు 2020లో కన్నుమూశారు. చట్టం లెక్కన ఆ బొమ్మ 2080 డిసెంబరు దాకా బందోబస్తులో ఉంటుంది. ఆ బొమ్మతో పెరిగినవాళ్లలో అప్పటికి ఎంతమంది ఉంటారు?

తెలుగు పుస్తకం నకలు వల్లే బతికిందన్న సంగతి మరిచిపోతున్నాం. తాటాకు వందల ఏళ్లు నిలుస్తుంది, కానీ పురుగు పడుతుంది. పట్టేలోపు ఇంకో ఆకు మీదికి ఎక్కించాలి. అలా ఎక్కించిన లేఖకుల పేర్లు చాలావరకు మనకి తెలియవు. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితుల్నీ లేఖకుల్నీ జీతానికి పెట్టుకుని, ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, ఒక ప్రతిని ఇంకో ప్రతితో సరిపోల్చి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన అలా పుట్టిందే. 1852 నాటి ఆయన నిఘంటువుని మనం ఇవాళ ఫోన్‌లో వెతుక్కుంటున్నామంటే దాన్ని మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లున్నారు కాబట్టి. ఆ వరసలో చివరివాడు స్కానర్ ముందు కూర్చున్న మనిషి. అతణ్ణి దొంగ అనే ముందు అతని చేతిలో ఉన్నది ఏ పుస్తకమో చూడాలి.

ఈ పని పెద్ద ఎత్తున జరిగిన సందర్భం మన కళ్లముందే ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు పదిలక్షల పుస్తకాల్ని డిజిటల్ చేద్దామని తలపెట్టారు. దాని భారతీయ రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. ఈ శతాబ్దం మొదట్లో హైదరాబాద్‌లో, తిరుపతిలో, బెంగళూరులో గ్రంథాలయాల పుస్తకాలు వరసపెట్టి స్కానర్ల కిందికి వెళ్లాయి. తొందరలో జరిగిన పని కాబట్టి లోపాలున్నాయి. పేర్లు రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. ఒక పుస్తకం పేరు వెతకాలంటే దాన్ని ఎన్ని రకాలుగా తప్పు రాయవచ్చో ఊహించాలి. పేజీలు ఎగిరిపోయినవి, తలకిందులైనవి ఉన్నాయి. అయినా తెలుగు పరిశోధకుడి బతుకు అంతకు ముందొక తీరు, ఆ తర్వాత ఇంకో తీరు. ఒక శతకం కోసం మద్రాసు రైలెక్కాల్సిన పని తప్పింది. ఆ తర్వాత ఏమైంది? గడువు తీరనివి కూడా అందులో కలిసిపోయాయన్న అభ్యంతరాలు వచ్చాయి, 2017 ప్రాంతంలో సైటే అందకుండా పోయింది. కార్ల్ మలమూద్ అనే అమెరికన్ ఆ పుస్తకాల నకళ్లని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి ఉంచకపోతే మన ప్రజాధనంతో చేసిన స్కానులు మనకే దక్కేవి కావు. గడువు తీరని వాటిని వేరుచేసి, తీరినవాటిని ఉంచడం కష్టమేమీ కాదు. రచయిత పోయిన సంవత్సరం పట్టిక ఒకటి ఉంటే చాలు. తెలుగు రచయితలకి అలాంటి నమ్మకమైన పట్టిక ఇవాళ్టికీ లేదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తలుచుకుంటే అది ఎంత పని!

నకలు దొరికినంత మాత్రాన పుస్తకం దక్కినట్టు కాదు. కాపీరైట్ గురించి అంత వేడిగా మాట్లాడేవాళ్లు దీని గురించి మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యం. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాలు కాదు, అక్షరాల బొమ్మలు. అందులో ఒక మాట వెతకలేం. ఒక వాక్యం ఎత్తి ఇంకోచోట పెట్టలేం. ఫోన్ తెర మీద అక్షరం పెద్దది చేస్తే పంక్తి పక్కకి జారిపోతుంది. చూపు లేనివారి ఫోన్‌లో చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ పేజీ దగ్గరికి వచ్చి మూగదైపోతుంది. చట్టం వాళ్లకి తలుపు తీసింది. 2012 సవరణ దివ్యాంగుల కోసం పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చుకోవడానికి అనుమతి ఇచ్చింది. చూపు లేనివారికి పుస్తకాలు అందించడం కోసం కుదిరిన 2013 నాటి మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మన దేశమే. గర్వపడాల్సిన సంగతి. కానీ తలుపు తీశాక లోపల ఉన్నది బొమ్మ అయితే చూపులేని మనిషికి ఏమి ఒరిగింది?

పాత పుస్తకాల గతి ఇదైతే కొత్తవాటికి ఇంకో రకం తాళం. మన డీటీపీ అంతా పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద పెరిగింది. అందమైన ఫాంట్లే, తెలుగు అచ్చుకి చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ వాటి లోపలి ఏర్పాటు వేరు. తలకట్టుకొకటి, గుడికొకటి, ఒత్తుకొకటి అని అక్షరాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెడతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే తెలుగు మాయమై రోమన్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగు చూపించింది. అయినా అచ్చు ప్రపంచం పాతదారి వదలడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ఆ మధ్యకాలంలో అచ్చయిన పుస్తకాల ఫైళ్లు డీటీపీ సెంటర్ల సీడీల్లో ఉండిపోయాయి. సెంటర్ మూతపడితే సీడీ పోయింది, సీడీ ఉంటే దాన్ని తిప్పే డ్రైవు లేదు. నా కంప్యూటర్‌లోనూ అలాంటి ఫైళ్లున్నాయి. పరిచయస్తులు, వాళ్ల పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చిపెట్టమని పంపినవి. మార్పిడి సాధనాలున్నాయి, కానీ ‘క్ష్మ’ దగ్గరో, అరసున్న దగ్గరో, ‘ఋ’ దగ్గరో తడబడతాయి. అప్పుడు పేజీ పేజీ కంటితో చదివి సరిదిద్దాల్సిందే. ఆ పని చేస్తున్నంతసేపూ నాకు అనిపించేది ఒకటే. వీళ్లు బతికుండగా, తమ సొంత పుస్తకానికి, తమ కళ్లముందే ఈ గతి పట్టింది కదా, చనిపోయినవారి పుస్తకాల మాటేమిటి!

ఈ తాళం తీసినవాళ్లు చాలావరకు డబ్బు అడగనివాళ్లే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. రోమన్‌లో కొడితే తెలుగు వచ్చే లేఖిని ఎంతమందికి తెలుగు టైపింగ్ నేర్పిందో చెప్పలేం. సిలికాన్ ఆంధ్ర పూనికతో వచ్చిన మల్లన్న, మండలి, రామభద్ర, ధూర్జటి, సురవరం వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సు మీద ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇవేవీ కాపీరైట్ లేనివి కావు. హక్కు ఉన్నవాళ్లే ఆ హక్కుతో ‘తీసుకోండి’ అన్నారు. హక్కుకి అంతకన్నా గొప్ప వినియోగం నాకు కనబడదు.

మన పాఠకుడు పీడీఎఫ్‌నే ఎందుకు పట్టుకుని వేలాడతాడన్నది కూడా ఆలోచించాలి. పిసినారితనం ఒక్కటే కాదు. కొన్న ఈ-పుస్తకం నిజానికి మనది కాదు, చదువుకోవడానికి మనకిచ్చిన అనుమతి మాత్రమే. 2009 జులైలో అమెజాన్, హక్కులు లేని సంస్థ అమ్మిందన్న కారణంతో, జనం కొనుక్కున్న ఆర్వెల్ ‘1984’ ప్రతుల్ని వాళ్ల కిండిల్ యంత్రాల్లోంచి తుడిచేసింది. డబ్బు వెనక్కిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల అంగడి మూసేసి, కొన్నవాళ్ల పుస్తకాలన్నీ ఒక్కసారిగా పనిచేయకుండా చేసింది. ఇక తెలుగువాడికి ఆ అంగడి ఉన్నదే తక్కువ. 2016 చివర కిండిల్ అయిదు భారతీయ భాషలకి చోటిచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. తెలుగు ఈ-పుస్తకాలు అమ్మే కినిగె వంటి ప్రయత్నాలు మనవాళ్లే చేసుకోవాల్సి వచ్చింది. అమ్మేవాడు లేనిచోట, అమ్మినా వెనక్కి తీసుకోగలిగిన చోట, చేతిలో నిలిచే ఫైలు కోసం జనం చూస్తే వాళ్లని తిట్టి ఏం లాభం? రచయితలూ ప్రచురణకర్తలూ తాళంలేని ఈ-పుస్తకాన్ని సరసమైన ధరకి నేరుగా అమ్మితే ఈ అడిగేవాళ్లలో సగంమంది కొంటారని నా నమ్మకం.

నకలుకీ నకలుకీ మధ్య ఉన్న తేడాని న్యాయస్థానాలు గుర్తించలేవని కూడా అనను. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక చిన్న జిరాక్స్ కొట్టు విద్యార్థులకి పాఠ్యభాగాలు కాపీ తీసి, కట్టగట్టి అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు దాని మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దాన్ని కొట్టేశారు. విద్యార్థి లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పు కానిది, యంత్రంతో తీసుకుంటే తప్పెలా అవుతుందన్నది ఆయన తర్కంలో కీలకం. కాపీరైట్ దైవదత్తమూ కాదు, సహజ హక్కూ కాదు, సమాజం మేలు కోసం ఏర్పరచుకున్నది అని స్పష్టంగా అన్నారు. అప్పీలు విన్న ధర్మాసనం కొన్ని వాస్తవాలు తేల్చడానికి కేసు వెనక్కి పంపినా, చదువు కోసం తీసే కాపీ విషయంలో మూలసూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ఆ సంస్థలే దావా విరమించుకున్నాయి.

ఇప్పుడు తగువు కృత్రిమ మేధ దగ్గరికి చేరింది. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. నా మాట ఇక్కడా మారదు. బతికున్న రచయిత, పత్రిక రాసినదాన్ని యంత్రానికి మేపాలంటే అడగాలి, వాటా ఇవ్వాలి. గడువు తీరిన పుస్తకం అందరిదీ. దాన్ని చదివి ఏ యంత్రం తెలుగు నేర్చుకున్నా నాకు అభ్యంతరం లేదు, పైపెచ్చు శ్రీపాద వారి తెలుగు నేర్చుకుంటే సంతోషిస్తాను. కానీ బొమ్మల పీడీఎఫ్‌లలో ఉన్నంతకాలం ఆ తెలుగు మనుషులకే సరిగా అందదు.

చేయగలిగినవాళ్లు చేయాల్సినవి ఉన్నాయి. అప్పటి మద్రాసు ప్రభుత్వం 1949లో సుబ్రహ్మణ్య భారతి రచనల్ని జనం ఆస్తిగా ప్రకటించింది. తర్వాత తమిళనాడు ప్రభుత్వం ఎందరో రచయితల వారసులకి పరిహారం ఇచ్చి వారి రచనల్నీ అలాగే విడుదల చేసింది. వారసుడికి డబ్బు, పాఠకుడికి పుస్తకం. మన రెండు ప్రభుత్వాలూ ఏటా ఒక్కో రచయితని అలా ఎంచుకున్నా చాలు. గ్రంథాలయాలకి చట్టం ఇప్పటికే రెండు వెసులుబాట్లు ఇచ్చింది. తమ దగ్గరున్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ ప్రతి చేసుకోవచ్చు; దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి మూడు ప్రతులదాకా తీసుకోవచ్చు. జిల్లా గ్రంథాలయాల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఇక రచయితలు. చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం రచయిత తన హక్కు వదులుకోవచ్చు. అంత అక్కర్లేదనుకుంటే, హక్కు తన దగ్గరే ఉంచుకుని అందరికీ అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది. కొందరు తెలుగు రచయితలు ఇప్పటికే ఆ దారిలో తమ పుస్తకాలు నెట్‌లోని స్వేచ్ఛా గ్రంథాలయం వికీసోర్స్‌కి ఇచ్చారు. అదీ వద్దనుకునేవారు పుస్తకం మొదటి పేజీలో ఒక్క వాక్యం వేసినా మేలే: ఈ పుస్తకం పదేళ్లపాటు అంగట్లో దొరక్కపోతే ఎవరైనా వేసుకోవచ్చు, చదువుకోవచ్చు అని. తన పుస్తకాన్ని తన తర్వాత కూడా జనం చదవాలని కోరుకోని రచయిత ఉంటారా?

పాఠకులకి కూడా ఒక పని ఉంది, నేను తీరిక దొరికినప్పుడల్లా చేసేది. తెలుగు వికీసోర్స్‌లో గడువు తీరిన పుస్తకాల స్కాన్ ఒకవైపు, యంత్రం గుర్తుపట్టిన అక్షరాలు ఇంకోవైపు కనబడతాయి. యంత్రం ఇవాళ బాగానే గుర్తుపడుతోంది, కానీ ‘ధ’ని ‘థ’ చేస్తుంది, ‘ఘ’ని ‘ఖ’ చేస్తుంది, ఒత్తులు మింగుతుంది, పద్యపాదాలు కలిపేస్తుంది. మనిషి చదివి దిద్దాలి. దిద్దని పేజీ గుర్తు ఎరుపు. ఒకరు దిద్దాక పసుపు. దాన్ని ఇంకొకరు సరిచూశాక ఆకుపచ్చ. దిద్దినవారే తమ పేజీని ఆకుపచ్చ చేసుకోవడానికి వీల్లేదు, రెండో మనిషి రావాల్సిందే. బ్రౌన్ పండితులు ప్రతికి ప్రతి సరిపోల్చిన పనే ఇది, ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు కూర్చుని చేయొచ్చు. ఒక పేజీకి పది నిమిషాలు పడుతుంది, పద్యాలుంటే ఇంకాస్త. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక ఖాతా, ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంటే సరిపోతుంది. ఎరుపులో ఉన్న పేజీలు వేలల్లో ఉన్నాయి. పసుపు దగ్గర ఆగి రెండో మనిషి కోసం చూస్తున్నవీ తక్కువేమీ లేవు.